గుగ్గిలం విన్న మాట

చెల్లెల్ని పోలీసులు తీసుకుపోయారన్న కబురు హైమవతికి అందేసరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఒక చేత్తో ఫోను చెవికి నొక్కిపట్టి, రెండో చేత్తో గిన్నె దింపబోయి వేళ్లు కాల్చుకుంది. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

“చెప్పానా లేదా? ఇప్పట్లో ఆ కొండ మొహం చూడకే, వాళ్లు కాసుక్కూచున్నారే అని ఎన్నిసార్లు చెప్పాను? వింటేనా!”

కూర్మారావు పేపరు మడిచి తలెత్తాడు. “ఎవర్ని తిడుతున్నావు? అవతలవాళ్లు ఫోను పెట్టేసినట్టున్నారు.”

“మిమ్మల్నే.”

“నేనేం కొండెక్కలేదే!”

“నీలవేణిని పట్టుకుపోయారండీ.” అప్పుడు గుర్తొచ్చి పొయ్యి కట్టేసింది హైమవతి. “దండికొండ మీద కంపెనీ మిషన్లు తగలబెట్టించింది అదేనట. సాక్ష్యం నా కాగితమేనట.”

నీలవేణి ఆఖరి చెల్లెలు. తల్లి పోయాక హైమవతే దానికి జడలు వేసి బడికి పంపింది. అది లా చదివింది. నల్లకోటు వేసుకుని పట్నంలో కూర్చోవచ్చు కదా, కూర్చోలేదు. దండికొండలో విలువైన రాయి ఉందని కంపెనీ వచ్చింది. ఆ రాయి మీద అడవి ఉందని నీలవేణి వెళ్లింది. అప్పట్నుంచి హైమవతికి మనశ్శాంతి లేదు. ఒకసారి రాయి తగిలి చెల్లెలి నుదురు చిట్లింది. ఒకసారి ఆమె స్కూటర్ని జీపు గుద్దింది, ఆ జీపుకి నంబరు లేదు. ఆమెతో పాటు తిరిగే సన్యాసినాయుడు మాస్టారు సంతకని వెళ్లి ఇంటికి తిరిగి రాలేదు. ఆయన చెప్పులు మాత్రం వాగు ఒడ్డున దొరికాయి. చూసినవాళ్లెవరూ లేరని రాసి ఆ కేసు మూసేశారు.

ఎవరూ లేరు అన్న ముక్క హైమవతిని కాల్చుకు తిన్నది. అడివంతా చెట్లు నిలబడి ఉండగా ఎవరూ లేకపోవడం ఏమిటి?

ఆమె కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేది. వార్నిషు కోసం గుగ్గిలం మీద పరిశోధన చేస్తూండేది. దండికొండ నిండా గుగ్గిలం చెట్లే. బెరడు చీలినచోటల్లా బంక కారి, పొరమీద పొరగా గడ్డకడుతుంది. పూజలో నిప్పుల మీద వేస్తే గుప్పున పొగ లేస్తుందే, అదే. ఒకరోజు ఒక ముద్దని కాంతి ముల్లు కింద, అంటే వెలుతుర్ని సూదిమొనలా పంపే గాజుముక్క కింద తిప్పుతూ, పొరల మీద వరసగా ఉన్న సన్నని వణుకుల్ని చూసి, తమాషాకి వాటిని స్పీకరుకి కలిపింది. గదిలో వడ్రంగిపిట్ట టకటకమని కొట్టింది. హైమవతి కిటికీలోంచి బయటికి చూసింది. బయట పిట్ట లేదు.

మెత్తగా ఉన్నప్పుడు విన్న చప్పుడుని గుగ్గిలం గట్టిపడ్డాక కూడా దాచుకుంటుంది. సంగతి ఇంతే. కాకపోతే చదవాలంటే వేడి కాంతి కావాలి, ఆ వేడికి పొర కరిగిపోతుంది. ఏ ముద్దనైనా ఒక్కసారే వినగలం. ఆ ఒక్కసారిలో యంత్రం రికార్డు చేసుకున్నదే మిగులుతుంది, జారిపోయింది జారిపోయినట్టే.

డబ్బిచ్చిన సంస్థకి హైమవతి పిట్టల లెక్క కోసమని చెప్పింది. అసలు కారణం మొగుడికి కూడా చెప్పలేదు. రేపు ఆ అడివిలో నీలవేణికేమైనా అయితే, కనీసం చెట్లయినా చెబుతాయి. అందుకు చేసింది ఆ యంత్రాన్ని.

మొదట అంతా బాగానే జరిగింది. కొండకి ఉత్తరపు వాలులో ఒక్క చెట్టూ కొట్టలేదని కంపెనీ ప్రమాణం చేస్తే, అక్కడ మోళ్ల పక్కన మిగిలిన చెట్ల బంక తెచ్చి, కొండ గొడవ మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ముందు వినిపించారు. రంపాలు గీపెట్టాయి. మానులు విరుగుతూ ఏడ్చాయి. “ఒరేయ్, సాయంత్రానికి ఈ వరసంతా అయిపోవాలి” అని మేస్త్రీ కేకేశాడు. నరుకుడు ఆపమని ఉత్తర్వు వచ్చింది. నీలవేణి ఎగిరి అక్క మెడ పట్టుకు వేలాడింది.

అయితే కంపెనీ వకీలు పట్టాభి కూడా ఆ రోజు హాల్లోనే ఉన్నాడు. చెట్టు వినేది రంపాన్నొక్కదాన్నే కాదని అతనికి అర్థమైంది. మిషన్లు తగలబడగానే ఆ పక్కనే నీలవేణితో ఊరి ఆడవాళ్లు అడ్డం కూర్చున్న గుడారాల చుట్టుపక్కల బంక గీకించి, చదవమని సంఘం చేత హైమవతికే పంపించాడు. ఆమే ముద్దని యంత్రంలో పెట్టింది. చెల్లెలి గొంతు గదిలో వినిపించింది.

“నేనొస్తానర్రా. తెల్లారేసరికి ఇక్కడ ఒక్కర్తీ ఉండకూడదు.”

అమ్మయ్య, వెళ్లిపోయింది అనుకుంది హైమవతి. కంపెనీ మనుషులు వచ్చిపడతారని ఆడవాళ్లని ఇళ్లకి పొమ్మని, తనూ వెళ్లిపోయింది. ఇంక భయం లేదు. యంత్రం ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి అచ్చు తీసి ఇచ్చిన కాగితం కింద, చదవకుండానే సంతకం పెట్టేసింది. చెవులారా విన్నదాన్ని మళ్లీ ఇంగ్లీషులో చదువుకునేదెవరు?

ఆ కాగితంలో ‘ఐ విల్ కమ్’ అని ఉంది. ‘బై డాన్, నాట్ వన్ షుడ్ రిమైన్ హియర్’ అని ఉంది.

*

సబ్‌జైలు ములాఖత్ గదిలో నీలవేణి నవ్వుతూ వచ్చి కూర్చుంది. అది చూసి హైమవతికి ఇంకా మండింది.

“పళ్లికిలించకు. తిన్నావా?”

“ఉప్మా. నువ్వు చేసినదానికన్నా బాగుంది.”

“అయితే ఇక్కడే ఉండిపో.” సంచీలోంచి అరటిపళ్లు తీసి బల్ల మీద పెట్టింది. “ఆ రోజు కొండ దిగి ఎక్కడికెళ్లావు? చూసినవాళ్లు చెబితే అయిపోయేది కదా?”

“అవతలి ఊరెళ్లాను. చూసినవాళ్లున్నారు. చెప్పరు. చెబితే రేపు వాళ్లని ఎత్తుకుపోతారు. అడగను కూడా అడగను.”

“నువ్వు అడగవు, వాళ్లు చెప్పరు. మరి నేనేం చెయ్యాలే? యంత్రం తప్పు రాసిందని చెప్పేస్తాను. అంతే.”

నీలవేణి నవ్వు ఆగిపోయింది. “అక్కా, ఆ మాట అన్నావంటే మళ్లీ నీ మొహం చూడను.”

“నువ్వు ఎప్పుడు చూశావు గనక!”

“పట్టాభి ఎదురుచూస్తున్నది దానికోసమే. యంత్రం అబద్ధమైతే రంపాల సాక్ష్యమూ అబద్ధమే. మర్నాడే కొండ మీద మళ్లీ రంపాలు లేస్తాయి. నేను నాలుగేళ్లు లోపలుంటాను, వస్తాను. చెట్టు కొట్టేస్తే మళ్లీ వస్తుందేటి?”

“చెట్టుకి జడలెయ్యలేదే నేను!”

 టైమయిందని కానిస్టేబులు కర్రతో బల్ల మీద కొట్టింది. నీలవేణి లేచి అరటిపండు ఒలుచుకుంటూ లోపలికి పోయింది. తలుపు అవతలికి వెళ్లాక కూడా ఆమె ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినిపించింది. హైమవతి అది వినిపించినంతసేపూ నిలబడింది.

ఇంటికొచ్చి కూర్మారావు మీద విరుచుకుపడింది. కూరలో ఉప్పు లేదన్నాడు పాపం, అంతే. అగ్గిమీద గుగ్గిలమైపోయింది.

“ఆ బంకతో తిరిగి తిరిగి నీకూ అదే గుణం పట్టుకుంది,” అన్నాడాయన ఉప్పు డబ్బా అందుకుంటూ. “ఇంతకీ రేపేం చెబుతావు? తప్పంటావా, ఒప్పంటావా?”

“తప్పంటే కొండ పోతుంది. ఒప్పంటే పిల్ల పోతుంది. మీరు చెప్పండి.”

ఆయన కూరలో ఉప్పు మరీ ఎక్కువ వేసుకుని, అలాగే తినేశాడు.

*

విచారణ సంఘానికి అధ్యక్షుడు దివాకర్రావు. మంచివాడని పేరు. కాకపోతే కాగితం మీద లేని మాట ఆయన చెవికి ఎక్కదు.

పట్టాభి లేచి నిలబడ్డాడు. “అయ్యా, ముద్దాయి వస్తానంది. వచ్చింది. తెల్లారేసరికి ఒక్కటీ ఉండకూడదంది. ఉంచలేదు. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నా సర్వీసులో చూడలేదు.”

“వస్తానంటే వెళ్తున్నానని కదండీ!” హైమవతి ఉండబట్టలేకపోయింది.

“మేడమ్, మిమ్మల్ని అడిగినప్పుడు చెప్పండి,” అన్నాడు దివాకర్రావు. “రికార్డులో ‘ఐ విల్ కమ్’ అని ఉంది. కింద మీ సంతకం ఉంది.”

“ఆ గొంతు మీరూ విన్నారు కదండీ. మీరు తెలుగువారు కాదేటి?”

“నేనెవర్నన్నది ఇక్కడ అప్రస్తుతం.”

హైమవతి చుట్టూ చూసింది. అధ్యక్షుడిది విజయనగరం. పక్కనున్న సభ్యుడిది బొబ్బిలి. పట్టాభి మాటలో నరసన్నపేట ఇంకా పోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ బంట్రోతుతో సహా ఆ హాల్లో ‘వస్తాను’ అంటే ఏమిటో తెలియని ప్రాణి లేదు. అందరూ ఇంగ్లీషు కాగితం వైపు చూస్తున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి.

“అయితే మీ యంత్రం తప్పు చేసిందంటారు,” అన్నాడు పట్టాభి మెత్తగా. “మాకేం అభ్యంతరం లేదండీ. ఆ మాటే రాసుకుందాం. దీన్నీ, అంతకుముందు రంపాల సాక్ష్యాన్నీ రెండిటినీ కొట్టేద్దాం. మీ చెల్లెలు ఈ సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.”

ఎంత తియ్యగా అడిగాడు! చెల్లెలు ఇంట్లో ఉంటుంది. వేడి అన్నం పెట్టి పక్కన కూర్చోవచ్చు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ములాఖత్ గదిలో నీలవేణి నవ్వు ఆగిపోయిన మొహం కనిపించింది.

“యంత్రం సరిగ్గానే విన్నది,” అంది హైమవతి.

“సంతోషం. నా వాదన ముగిసిందయ్యా.”

“మీరు వెళ్లవచ్చు మేడమ్,” అన్నాడు దివాకర్రావు.

 హైమవతి లేచింది. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది. సంచీ భుజాన వేసుకుంది. పెద్దవాళ్ల ముందునుంచి అలా మొహం తిప్పుకుని పోవడం ఎరగని మనిషి కాబట్టి అలవాటుగా రెండు చేతులూ జోడించింది. “నేను వస్తానండి.”

“మంచిదమ్మా, జాగ్రత్తగా వెళ్లండి,” అన్నాడు దివాకర్రావు.

బంట్రోతు తలుపు తీసి పట్టుకున్నాడు. పట్టాభి కూడా మర్యాదస్తుడే, సగం లేచి, “ఆటో దొరుకుతుందాండీ? మావాణ్ణి పంపనా?” అన్నాడు.

హైమవతి తలుపు దాకా వెళ్లి ఆగింది. ఆగి, మెల్లిగా వెనక్కి తిరిగింది.

“ఆటో ఎందుకండీ?”

“వెళ్తానన్నారు కదండీ.”

“ఎప్పుడన్నాను? వస్తానన్నాను.”

 వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బొబ్బిలి సభ్యుడు తలొంచుకుని దగ్గాడు. అది దగ్గు కాదు.

“వస్తానని నేనంటే, వెళ్లండని అయ్యగారన్నారు. బాబు తలుపు తీశాడు. మీరు ఆటో పిలుస్తానన్నారు. ఇక్కడే ఉన్నావు కదా, ఎక్కడికొస్తావని ఒక్కరడిగారా? వెళ్తానంటే మా అమ్మ నోటి మీద కొట్టేది. మీ అమ్మలు కొట్టలేదేటి?” ఆమె కోపంగా రెండడుగులు ముందుకొచ్చింది.  “ఇంక ఒక్కర్తి అంటే ఆడమనిషి. ఏ మిషన్ని మనం ఒక్కర్తి అంటాం? యంత్రం విన్నది తప్పు కాదు. విన్నాక మీరందరూ తెలుగు మర్చిపోయినట్టు కూర్చున్నారు చూడండి, అదీ తప్పు. చదవకుండా సంతకం పెట్టాను, అది నాది.”

దివాకర్రావు ఇంగ్లీషు కాగితాన్ని పక్కన పెట్టాడు. “ఆ గొంతు మళ్లీ ఒకసారి వినిపించండి,” అన్నాడు.

*

నీలవేణి విడుదలైంది. నరుకుడు ఆపమన్న ఉత్తర్వు చెక్కుచెదరలేదు. కూర్మారావు మిఠాయి తెచ్చాడు. ఆ మిఠాయి డబ్బా ఖాళీ కాకముందే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇంత నమ్మదగిన సాధనం గనక, అడవి భద్రత కోసం దండికొండ చుట్టూ ఉన్న ప్రతి తనిఖీ గేటు దగ్గరా ఒక యంత్రం పెట్టాలి, ప్రతి వారం బంక తీసి చదవాలి, మాటలుంటే తెలుగు తెలిసిన అధికారి అర్థం రాయాలి. యంత్రాలు చేసి ఇవ్వవలసింది హైమవతి. మొదటిది ఇప్పటికే పట్టుకుపోయారు.

గెలిచి ఓడిపోవడం అంటే ఇదే కాబోలు అనుకుంది.

ఆ సంగతి ఇంకా బాగా అర్థమయ్యేలా చెప్పింది ఆరిక బూదమ్మ. దండికొండ మీది పల్లె ఆమెది. ఒక మధ్యాహ్నం నీలవేణితో పాటు ప్రయోగశాలకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, బల్ల మీద గుగ్గిలం ముద్దల్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“రా బూదమ్మా, కూర్చో. అవి ఇక్కడేం వినవులే.”

“ఏటో తల్లీ, ఎవులికి తెలుసు?” గుసగుసగానే అంది. “నీలమ్మకి అన్నమెట్టినోలెవులని మా ఊరోడ్ని తీసుకెల్లి అడిగినారు. సెట్టు సెప్పిందంట. అప్పట్నుంచి అడివిలోన ఎవులూ నోరిప్పట్లేదు. పాటల్లేవు, కేకల్లేవు. మా కోడలు ఇప్పపువ్వేరతంది. పలక్కుండా, దగ్గక్కుండా. ఎలుగ్గొడ్డు పక్కనే ఉంది. మనిసి సప్పుడింటే అదే తప్పుకునేది. సప్పుడు లేదు కదా, మీద పడిపోనాది.”

“ఎలా ఉంది ఇప్పుడు?” హైమవతి అడిగింది.

“బతికే ఉంది. మొకమే లేదు.”

బూదమ్మని బయట అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చి, నీలవేణి లోపలికొచ్చి తలుపు వేసింది.

“అక్కా, ఈ చెవులు కోసెయ్యి.”

“తేలిగ్గా చెబుతున్నావే! రంపాలో?”

“రంపాలు విననీ. మనుషుల్ని విననివ్వకు. అలా చెయ్యలేవా?”

చెయ్యగలదు. ఆ సంగతి హైమవతికి ఎప్పట్నుంచో తెలుసు. మనిషి గొంతు వణుకు వెంట్రుకంత సన్నం. రంపం, గొడ్డలి, ఇంజను మోటు వణుకులు. సన్నని కాంతి ముల్లు తీసేసి మోటుది పెడితే, మోటు చప్పుళ్లు చదివేలోగా సన్నవి కరిగిపోతాయి. పొర ఒక్కసారే గనక మళ్లీ చదవడానికి ఇంకేమీ మిగలదు. ఆ సన్నని ముల్లు అరగదీయడం ఆమెకొక్కదానికే వచ్చు. అంతా తెలుసు. తెలిసే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

“చెయ్యను,” అంది.

“ఎందుకు?”

“ఎందుకేమిటే ఎందుకు! ఇది పిట్టల కోసం చేశాననుకున్నావా? నీ కోసం చేశాను. సన్యాసినాయుడు మాస్టారి చెప్పులు దొరికినట్టు రేపు నీ చెప్పులు దొరికితే నేనెవర్నడగాలి? ఎవరేం చేశారో, చివరికి ఏమన్నావో, ఎవర్ని పిలిచావో... ఏదీ తెలియకుండా ఎలాగ బతకమంటావు నన్ను?”

 నీలవేణి జవాబు మెత్తగా రాలేదు.

“నేను చచ్చాక నా గొంతు వినడం కోసం బతికున్నవాళ్ల నోళ్లు కుట్టేస్తావేటి?”

“చచ్చాక అనకు!”

“అనకపోతే చావనా? నువ్వు నా వెనకాల చెట్టుకొక చెవి తగిలించావు. ఆ చెవుల్నే వాళ్లు అరువు తీసుకున్నారు. మాస్టారేం మాట్లాడారని కాదక్కా చంపింది, ఎక్కడున్నారో తెలిసి చంపారు. ఇప్పుడు నేనెక్కడున్నానో ప్రతి చెట్టూ చెబుతుంది. ఎవరికి ముందు చెబుతుందనుకున్నావు? నీకా, వాళ్లకా?”

హైమవతి ఏదో అనబోయింది. అరుగు మీద బూదమ్మ టీ తాగిన గ్లాసు కింద పెట్టింది. అది కూడా చప్పుడు కాకుండా పెట్టింది. తలుపు సందులోంచి హైమవతి అది చూసింది. ఆ పెట్టడం చూశాక వాదించే శక్తి పోయింది.

“మొండిదానివి,” అంది చివరికి. “అమ్మ చచ్చేదాకా అదే అంది. పో అవతలికి. వెలుతురుకి అడ్డం నిలబడకు.”

సన్నని ముల్లు విప్పి, కల్వం పొత్రంతో దాన్ని పిండి చేసింది. ఎంత సున్నితంగా అరగదీసిందో దాన్ని! పొత్రం కింద ఉప్పుగల్లులా నలిగిపోయింది. తర్వాత అన్ని యంత్రాలకీ మోటు ముల్లు బిగించింది. మొదటి గేటు దగ్గర ఉన్నదాన్ని మరమ్మతని చెప్పి తెప్పించి, దానికీ బిగించింది.

“అడిగితే ఏం చెబుతావు?” అన్నాడు కూర్మారావు, స్క్రూలు అందిస్తూ.

“ఉన్నదే చెబుతాను. దీనికి మనుషుల మాటలు వినపడవు అంటాను.”

“ఇదివరకు వినపడేవి కదా అంటే?”

“ముసలిదైపోయింది, చెవుడొచ్చిందంటాను. కేసు పెట్టుకోమనండి. నేను మాత్రం ఇంకో ముల్లు అరగదియ్యను.”

అడగనే అడిగారు. సంజాయిషీ రాయమన్నారు, రాసింది. కాలేజీ గది ఖాళీ చెయ్యమన్నారు. పాత యంత్రం ఒక్కటి ఇంటికి తెచ్చుకుని వంటింటి కిటికీ పక్కన పెట్టుకుంది. మిగతావి గేట్ల దగ్గర రంపాల్ని వింటూ ఉండిపోయాయి. చాటుగా చెట్టు కొట్టినవాళ్లు రెండుసార్లు దొరికారు కూడా. బూదమ్మ వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు మళ్లీ అడివిలో కేకలేసుకుంటున్నారని ఎవరో చెప్పారు.

నీలవేణి కొండెక్కింది. ఎక్కేముందు అక్క చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. హైమవతి ఆ చెయ్యి విదిలించి, “మందులు పెట్టుకున్నావా, గొడుగు పెట్టుకున్నావా” అని సంచీ అంతా కెలికింది. గొడుగు లేదు. తనది ఇచ్చింది. నీలవేణి ఒద్దంది. ఇద్దరూ గొడుగు మీద పోట్లాడుకున్నారు. చివరికి గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది.

వానలు మొదలయ్యాయి. నీలవేణి నుంచి కబురు లేదు. కబుర్లు పంపే అలవాటు దానికెప్పుడూ లేదని కూర్మారావు గుర్తు చేశాడు. ఒక ఉదయం కొండ మీంచి వచ్చినవాళ్లెవరో బూదమ్మ పంపిందంటూ ఆకులో చుట్టిన గుగ్గిలం ముద్ద ఇచ్చిపోయారు. నీలవేణి దిగే గుడిసె పక్క చెట్టుదట.

హైమవతి దాన్ని యంత్రంలో పెట్టింది. పెట్టకుండా ఉండలేకపోయింది. ముద్ద మెల్లగా తిరిగింది, తిరుగుతూ కరిగింది. వాన పడింది. ఎక్కడో కొమ్మ విరిగింది. ఉరిమింది. మళ్లీ వాన. మధ్యలో ఒకచోట చప్పుడు లేని చిన్న ఖాళీ వచ్చింది. ఎవరైనా మాట్లాడిన చోటు కావచ్చు. ఎవరూ లేని చోటు కూడా కావచ్చు. ఆమె స్పీకరుకి చెవి ఆనించింది. అంతలోకి ఆ పొర కూడా కరిగి పళ్లెంలోకి జారిపోయింది.

కూర్మారావు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఏమంటోంది?”

“రంపాల్లేవు. గొడ్డళ్లు లేవు. అడివి బాగానే ఉంది.” పళ్లెం తీసి కిటికీలో పెట్టింది. వేళ్లకి అంటిన జిగురు కొంగుకి తుడుచుకుంటూ విసుక్కుంది. “దాని సంగతి మాత్రం నన్నడక్కండి.”